నోట స్తోత్రం రావట్లేదు, ఏం చెయ్యను?

కుట్టుమిషను (విజయవాడ)

అందరికీ వందనాలు. చాలా రోజులుగా రాద్దామనుకుంటూ ఆగిపోతున్నాను. ఈ రాత్రి నిద్ర పట్టక రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

మాది సింగ్‌నగర్. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా ఆయన ఆటో తోలేవారు. పాప ఇంటర్ రెండో ఏడు, బాబు ఎనిమిది చదువుతున్నాడు. నేను పుట్టిందే నమ్మినవాళ్ల ఇంట్లో. మా మందిరంలో పాటలు నడిపించే ముగ్గురిలో పదిహేనేళ్లుగా నేనొకదాన్ని. ఆదివారం మొదటి స్తుతి పాట ఎత్తుకునేది నేనే. స్తోత్రం అనే మాట నాకు కొత్త కాదని తెలియడానికే ఇదంతా చెబుతున్నాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. నెలలో మొదటి ఆదివారం కాబట్టి ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) ఉంది. తెల్లచీర ఇస్త్రీ చేసి మంచం మీద పరిచాను. అంతకుముందు నుంచే ఆగకుండా వాన. బుడమేరు వాగు వచ్చేస్తోందని వీధిలో ఎవరో అరిచారు. వానాకాలం మోకాళ్లదాకా రావడం మాకు అలవాటే కదా అని మిషన్ల కాళ్ల కింద నాలుగేసి ఇటుకలు పెట్టాను. గంట తిరిగేసరికి ఇటుకలు కనపడలేదు. ఇంకో గంటకి మిషన్లే కనపడలేదు. పిల్లల్ని తీసుకుని పక్కింటివాళ్ల మేడ ఎక్కాం. ఐదు రోజులు ఆ మేడ మీదే పదిహేడు మందిమి. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు. హెలికాప్టర్ నుంచి పొట్లాలు పడేవి. డ్రోన్లు కూడా తెచ్చేవి.

శ్రావణమాసం చివరి రోజులవి. పెళ్లిళ్లవి, వ్రతాలవి కలిపి నా దగ్గర 31 జాకెట్లు, ఫాల్ పీకోకి వచ్చిన పట్టుచీరలు నాలుగు ఉన్నాయి. నీళ్లు తీశాక బీరువా తలుపు రాకపోతే మా ఆయన గడ్డపారతో లాగారు. లోపల అన్ని రంగులూ ఒకదానికొకటి అంటుకుపోయి ఒకే ముద్ద. నా తెల్లచీర మంచం కింద బురదలో దొరికింది. ప్రభుత్వం కింది ఇళ్లవాళ్లకి ఇచ్చిన 25 వేలు మాకూ వచ్చాయి. అందులో ఎక్కువ భాగం చీరలవాళ్లకే ఇచ్చాను. కొందరు వద్దన్నారు, వాళ్లకి దేవుడు మేలు చెయ్యాలి. ఒకామె మాత్రం “అది మా అమ్మ పెళ్లిచీర, డబ్బులేం చేసుకోను” అని మా గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. నేనూ ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను.

అప్పటిదాకా కూడా నోట పాట ఉంది. మేడ మీద రాత్రిళ్లు పాడేదాన్ని, పిల్లలు నిద్రపోవాలని. ప్రాణాలు దక్కాయని మందిరంలో సాక్ష్యం చెప్పాను. మనస్ఫూర్తిగానే చెప్పాను.

ఈ ఏడాది ఫిబ్రవరిలో మా ఆయనకి కాళ్లు, మొహం వాచాయి. బీపీ చాలా ఏళ్ల నుంచి ఉండి ఉంటుందన్నారు, మాకు తెలియలేదు. రెండు కిడ్నీలూ పనిచెయ్యడం లేదన్నారు. ఇప్పుడు మంగళ, గురు, శని డయాలసిస్. ఒక్కోసారికి నాలుగు గంటలు. ఆటో అమ్మేశాం. ఆయన లోపల ఉన్నంతసేపూ నేను బయట బల్ల మీద కూర్చుని కాజాలు తీస్తాను, హుక్కులు కుడతాను. ఇంటికి వచ్చాక ఆయన గోడవైపు తిరిగి పడుకుంటారు. దాహం వేసినా కొలత దాటి తాగనివ్వకూడదు. ఒక గ్లాసు నీళ్ల కోసం మా ఆయన నన్ను బతిమాలుతుంటే చెయ్యి ఊపి కాదనాలి. అన్నేసి నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి, ఇప్పుడు గ్లాసుడు ఇవ్వలేకపోతున్నాను.

మూడు నెలల క్రితం కూడికలో ఒక పెద్దాయన, నోట స్తోత్రం ఆగిందంటే లోపల విశ్వాసం ఆగినట్టే అన్నారు. నన్ను ఉద్దేశించి కాదేమో. కానీ ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. తర్వాతి ఆదివారం పాట ఎత్తుకోబోతే గొంతు రాలేదు. జలుబు చేసిందన్నాను. జలుబు లేదు. అప్పటి నుంచి వెనక వరసలో కూర్చుంటున్నాను. అందరూ చేతులెత్తి స్తోత్రం అంటుంటే నాకు దేవుడి మీద కోపం వస్తోంది, ఆ వెంటనే భయం వేస్తోంది.

కోపం పెట్టుకుని స్తోత్రం అంటే అది అబద్ధం కాదా? అబద్ధపు స్తోత్రం కంటే నోరు మూసుకుని కూర్చోవడమే మేలా? తెలిసినవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట తమ్ముడు (గుంటూరు)

ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. మీ పోస్టు చదివి మోకరించి ప్రార్థన చేశాక రాస్తున్నాను.

అపొస్తలుల కార్యములు 16 చూడండి. ఫిలిప్పీ ఊళ్లో, ప్రభువు మాట ప్రకటిస్తున్న పౌలు సీలలను బెత్తాలతో కొట్టి, కాళ్లకు బొండ వేసి లోపలి చెరసాలలో పడేశారు. మధ్యరాత్రి వాళ్లు ప్రార్థిస్తూ కీర్తనలు పాడారు. భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, అందరి బంధకాలూ ఊడిపోయాయి. రెండో దినవృత్తాంతాలు 20లో యెహోషాపాతు రాజు సైన్యానికి ముందు పాడేవాళ్లనే నిలబెట్టాడు. వాళ్లు పాట మొదలుపెట్టగానే శత్రువులు ఒకరినొకరు చంపుకున్నారు. స్తుతిలో శక్తి ఉంది సిస్టర్. మనసు రాకపోయినా నోటితో మొదలుపెట్టండి, మనసు వెనకే వస్తుంది. మీ భర్తగారి బంధకాలు కూడా ఊడతాయి. గివ్ అప్ చెయ్యకండి.

కొత్తపేట నర్సు (గుంటూరు)

అక్కా, నేను డయాలసిస్ యూనిట్‌లో పనిచేస్తాను. బయట బల్ల మీద కూర్చునే మీలాంటివాళ్లని రోజూ చూస్తాను. లోపలి మనిషికి బీపీ, బరువు, అన్నీ మేం చూస్తాం. బయట కూర్చున్న మనిషిని ఎవరూ చూడరు.

అందుకే ముందు ఒక మాట అడుగుతాను. మంగళవారం పొద్దున మీరు ఏమైనా తిని బయల్దేరుతున్నారా? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నాను. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకుని “ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో” అన్నప్పుడు దేవుడు దూతని పంపించాడు కదా. ఆ దూత వాక్యం చెప్పలేదు, స్తోత్రం చెప్పమని అడగలేదు. లేచి తిను అన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాతో నీళ్లు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారి లేపి, ప్రయాణం దూరం, ఇంకొంచెం తిను అన్నాడు. ఆ వచనాలు చదివినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి. దేవుడికి మన కడుపు కూడా గుర్తుంటుంది.

ఇక మా డ్యూటీ మాటలు. ఆయన చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి చేసేది) వేసి ఉంటే ఆ చేత్తో బరువులు ఎత్తనివ్వకండి. ఆ చేతికి బీపీ చూడనివ్వకండి, సూది వెయ్యనివ్వకండి. ఆ చెయ్యి తలకింద పెట్టుకుని పడుకోనివ్వకండి. రోజూ దాని మీద మెల్లగా వేళ్లు పెట్టి చూడండి, జుమ్మని కొట్టుకుంటూ తెలుస్తుంది. తెలియకపోతే మర్నాటిదాకా ఆగకుండా వెంటనే యూనిట్‌కి వెళ్లాలి. దాహం సంగతి మీ డాక్టరు చెప్పిన కొలతకి లోబడే చెయ్యండి. ఉప్పు తగ్గిస్తే దాహం తగ్గుతుంది, పచ్చళ్లు, అప్పడాలు కంటికి కనపడనివ్వకండి. చన్నీళ్లతో నోరు పుక్కిలించి ఉమ్మితే కొంచెం ఊరట. గోడవైపు తిరిగి పడుకోవడం మీ మీద అలక కాదు అక్కా. ఆ నాలుగు గంటల తర్వాత ఒంట్లో ఓపిక మిగలదు.

మీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. పెద్దవాళ్లెవరైనా చెబుతారు.

ఉప్పునేల (గుంటూరు)

అమ్మా, నేను రిటైరైన పంతుల్ని. గుంటూరులో ఉంటున్నాను కానీ పుట్టింది దివిసీమలో, నాగాయలంక దిగువన. 1977 నవంబరు 19న నాకు 14 ఏళ్లు. మీ వరద ఆదివారం వచ్చింది. మా ఉప్పెన శనివారం వచ్చింది.

ఆ రాత్రి గురించి ఎక్కువ రాయను. పొద్దుటి నుంచి గాలి, సాయంత్రానికి సముద్రం. మా నాన్న నన్ను తుమ్మచెట్టుకి పంచెతో కట్టేశాడు. ఆ ముళ్ల మచ్చలు భుజం మీద ఇప్పటికీ ఉన్నాయి. మా అమ్మ, నాలుగేళ్ల చెల్లి ఇద్దరూ మా చేతికి దొరకలేదు. తెల్లారితే ఆదివారం. తాటాకు ప్రార్థన మందిరం ఉన్నచోట రాట గుంటలు మాత్రం ఉన్నాయి. దివిసీమ అంతటా వేలమంది పోయారు. వరి కోతకొచ్చిన పొలాల్లో మనుషులూ, గొడ్లూ కలిసి పడి ఉన్నారు. కొన్ని వారాలపాటు మాకు పూడ్చడమే పని.

క్రిస్మస్‌కి కొంచెం ముందు బయటి ఊరి నుంచి కొందరు బియ్యం, దుప్పట్లు తెచ్చారు. మంచివాళ్లు, వాళ్ల రుణం తీర్చలేం. బియ్యం పంచాక అందరినీ నిలబెట్టి స్తుతి పాట పాడదామన్నారు. మా నాన్న బియ్యం సంచి కింద పెట్టేసి వెళ్లిపోయాడు. నేను వెనకాల పరిగెత్తాను. మా ఊరి ఉపదేశి కూడా వచ్చాడు. ఆయన ఇంట్లోనూ ముగ్గురు పోయారు. వచ్చి ఒక్కమాట అనకుండా గట్టు మీద మా నాన్న పక్కన కూర్చున్నాడు. చాలాసేపటికి సంచిలోంచి బైబిలు తీశాడు. ఉప్పునీళ్లలో నానిన బైబిలు, కాగితాలు అతుక్కుపోయాయి. గోటితో విడదీసి 88వ కీర్తన చదివాడు.

మీరు పాటలు నడిపించే మనిషి కదా, ఆ కీర్తన మీకు తెలిసే ఉంటుంది. కానీ సంఘంలో ఎవరైనా చదవగా విన్నారా? నేను చాలా తక్కువ విన్నాను. మిగతా మొరల కీర్తనల్లో చాలావాటిలో ఎంత ఏడ్చినా చివర్లో ఒక్క వెలుగురేఖ వస్తుంది. ఇందులో రాదు. నీ తరంగాలన్నీ నా మీద వేసి నన్ను అణగదొక్కావు అంటాడు. నన్నెందుకు విడిచావు, నీ ముఖం నాకెందుకు చాటుచేశావు అని అడుగుతాడు. చివరికి నావాళ్లను దూరం చేశావు, చీకటే నాకు చుట్టమైంది అని ఆగిపోతాడు. ఆమెన్ లేదు, స్తోత్రం లేదు.

మా నాన్న “ఇది బైబిల్లోదేనా?” అని అడిగాడు. ఉపదేశి పుట చూపించాడు. నాన్నకి చదువు రాదు, అయినా వేలు పెట్టి తడిమి చూశాడు. “మళ్లీ చదువు” అన్నాడు. ఆ సాయంత్రం మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత చాలాకాలం రాత్రిపూట అదే చదివే పని నాది.

నేను పెద్దయ్యాక తెలుసుకున్న సంగతి ఒకటి చెబుతాను. మనం కీర్తనలు అంటున్న పుస్తకానికి హీబ్రూలో పేరు తెహిల్లీమ్. అంటే స్తుతులు. 150 కీర్తనల్లో మూడో వంతు దాకా మొరలూ, ఫిర్యాదులే. 88 కూడా వాటిలోదే. ఆ పుస్తకం కూర్చినవాళ్లు దీన్ని విడిగా తీసి పక్కన పెట్టలేదు. స్తుతులు అని అట్ట మీద రాసి లోపల దీన్నీ ఉంచారు. కోరహు కుమారుల కీర్తన అని, పాడవలసిన రాగంతో సహా పైన రాసిపెట్టారు. వాళ్లు దేవాలయంలో పాడేవాళ్లు, మీలాంటివాళ్లే.

కాబట్టి మీ ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు ఇది. కోపం ఉండి స్తోత్రం అనడం అబద్ధం కాదు. కోపం లేదని నటించి స్తోత్రం అంటే అది అబద్ధం. మీరు జలుబు అన్నది సంఘంతో. దేవుడితో అలా అనక్కర్లేదు. ఆయనకి లెక్క అప్పజెప్పండి. 31 జాకెట్లు, నాలుగు పట్టుచీరలు, ఇవ్వలేకపోయిన గ్లాసు నీళ్లు, అన్నీ. పేరుపేరునా చెప్పండి. వినేవాడు ఒకడున్నాడని నమ్మితేనే కదమ్మా మనిషి ఫిర్యాదు చేస్తాడు. గోడకి ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. మీకు కోపం వస్తోందంటే ఆయన ఉన్నాడనీ, మంచివాడనీ మీరు ఇంకా నమ్ముతున్నారు. అందుకే అంత నొప్పి.

పెద్దాయన మాట గురించి కూడా. ప్రభువు చివరి రాత్రి భోజనమయ్యాక శిష్యులతో కీర్తన పాడి ఒలీవల కొండకి వెళ్లాడని మత్తయి, మార్కు ఇద్దరూ రాశారు. పస్కా పండుగ రాత్రి యూదులు పాడేవి 113 నుంచి 118 దాకా ఉన్న స్తుతి కీర్తనలు. ఆ పాట నోట్లో ఆరకముందే గెత్సేమనే తోటలో, నా ప్రాణం మరణమయ్యేంత దుఃఖంలో ఉంది అన్నాడు. మర్నాడు సిలువ మీద, నన్నెందుకు విడిచావని కేక వేశాడు. అది 22వ కీర్తన మొదటి మాట. ఆయన విశ్వాసం ఎక్కడ ఆగిందంటారు?

బ్రాడీపేట తమ్ముడు (గుంటూరు)

అంకుల్, వందనాలు. మీ సాక్ష్యం చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ ఒక సందేహం, వాదనకి కాదు. ఎఫెసీయులకు 5:20లో సమస్తమునుగూర్చి కృతజ్ఞతాస్తుతులు చెల్లించమని ఉంది. సమస్తం అంటే కష్టం కూడా కదా? ఉప్పెనని గురించి కూడా థాంక్స్ చెప్పాలనేగా?

ఉప్పునేల (గుంటూరు)

మంచి ప్రశ్న బాబూ. ఆ వచనం నన్ను ఏళ్ల తరబడి వేధించింది.

ఆ మాట రాసిన పౌలునే చూడు. ఎపఫ్రొదితు అనే స్నేహితుడు చావుదాకా వెళ్లి బతికాడు. దాని గురించి ఫిలిప్పీయులకు 2:27లో ఏమంటాడు? నాకు దుఃఖం మీద దుఃఖం కలగకుండా దేవుడు అతన్ని కనికరించాడు అంటాడు. అంటే అతను పోయుంటే పౌలు దాన్ని దుఃఖమనే పిలిచేవాడు, దీవెన అని పేరు మార్చేవాడు కాదు. థెస్సలొనీకయులకు రాసినప్పుడు ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించమన్నాడు. ఆ విషయం మధ్యలో నిలబడి అని. నేను ఉప్పెనకి థాంక్స్ చెప్పలేదు, చెప్పను కూడా. ఉప్పెనలో నన్ను తుమ్మచెట్టుకి కట్టిన చేతుల కోసం చెబుతాను. ఆ చేతులు ఇచ్చినవాడికి చెబుతాను. ఆ వచనం పూర్తి అర్థం నాకు దొరికిందని మాత్రం అనను.

ఇంకొకటి బాబూ. నువ్వు చెప్పిన ఫిలిప్పీ చెరసాలలో తలుపులు తెరుచుకున్నాయి, నిజమే. తర్వాత అదే ఊరి సంఘానికి పౌలు ఇంకో చెరలోంచి ఉత్తరం రాశాడు. ఎల్లప్పుడూ ప్రభువునందు ఆనందించండి అన్నది ఆ ఉత్తరంలోనే. ఈసారి భూకంపం రాలేదు. సంకెళ్లు ఉండగానే రాశాడు. ఆ ఉత్తరం చదువుతుంటే విన్నవాళ్లలో ఆ భూకంపం రాత్రి నమ్మిన పాత చెరసాల అధికారి ఇంటివాళ్లూ ఉండి ఉండొచ్చని నాకు అనిపిస్తుంది. తలుపు తెరుచుకోవడం కోసం చేసే స్తుతి వేరు, తెరుచుకోకపోయినా చేసేది వేరు. ఆ అమ్మాయికి మొదటిది వాగ్దానం చేసి, రేపు కిడ్నీలు బాగవకపోతే ఆమె ఏమైపోవాలి?

బ్రాడీపేట తమ్ముడు (గుంటూరు)

అర్థమైంది అంకుల్. సిస్టర్, “బంధకాలు ఊడతాయి” అని మీకు తేలిగ్గా రాసేశాను. క్షమించండి. ప్రార్థన మాత్రం మానను. మాకు గుంటూరులో ఒక బైక్ ఉంది, శనివారం నాకు సెలవు. మందులు తేవడానికో, ఆయనని దింపడానికో మనిషి కావాలంటే చెప్పండి, గంటలో విజయవాడ వస్తాను.

మంగళగిరి మగ్గం (మంగళగిరి)

అక్కా, మేం నేతవాళ్లం. పానకాలస్వామి కొండ కింద ఇల్లు. మాది క్రైస్తవ ఇల్లు కాదు, అయినా పట్టుచీరల మాట చదివి ఆగలేక రాస్తున్నాను. ఒక చీర నేయడానికి ఎన్ని రోజుల చేతులు కావాలో నాకు తెలుసు. గుమ్మంలో కూర్చుని ఏడ్చిన ఆమెతో మీరూ ఏడ్చారన్నారే, మీకు దణ్ణం.

కంచర్ల గోపన్న, అదే మన భక్త రామదాసు, భద్రాద్రి గుడి కట్టినందుకు గోల్కొండ చెరలో పన్నెండేళ్లు ఉన్నాడంటారు. ఆ చెరలో రాముణ్ణి కడిగేశాడు. సీతమ్మకి ఇది చేయించాను, నీ తమ్ములకి అది చేయించాను, దానికింత అయింది, నువ్వు ఎవరి సొమ్మని కులుకుతున్నావని నగల లెక్కంతా అప్పజెప్పాడు. తర్వాత, తిట్టానని అనుకోకు, దెబ్బలకి ఓర్చుకోలేక తిట్టానయ్యా అన్నాడు. ఆ తిట్లే ఇవాళ మేం దేవుడి ముందు దీపం పెట్టి కీర్తనగా పాడుకుంటాం. మా అమ్మ మగ్గం ముందు కూర్చుని పాడేది. ఆ పాటని ఎవరూ నింద అని తీసెయ్యలేదు, నిందాస్తుతి అన్నారు. పంతులుగారు చెప్పిన ఆ 88 సంగతి చదువుతుంటే నాకు ఇదే గుర్తొచ్చింది.

కుట్టుమిషను (విజయవాడ)

అందరికీ వందనాలు. వెంటనే రాయలేకపోయాను, శుక్రవారం మూడు జాకెట్లు ఇవ్వాల్సి వచ్చింది. తమ్ముడూ, నువ్వేం తప్పు రాయలేదు, నేనూ సాక్ష్యాల్లో అలాగే చెప్పేదాన్ని. మగ్గం చెల్లెమ్మా, నీ మాట మా ఆయనకి చదివి వినిపించాను. చాలా రోజుల తర్వాత గోడవైపు నుంచి ఇటు తిరిగి విన్నారు.

పంతులుగారూ, శనివారం బల్ల మీద కూర్చుని మీరు చెప్పినట్టే చేశాను. పక్కన జనం ఉంటారు కాబట్టి పైకి అనలేదు. కాజా తీస్తూ ఒక్కొక్కటే చెప్పాను. ఆకుపచ్చ బోర్డరు చీర. మిషను మోటారు. ఆటో అమ్మిన రోజు. గ్లాసు నీళ్లు. ఆ గ్లాసు దగ్గర చాలాసేపు ఆగిపోయాను, సూది గుచ్చుకుంది కూడా. నువ్వు సిలువ మీద దాహం అన్నావు కదా, నీకు తెలియదా అని అడిగాను. గట్టిగానే అడిగాను. జవాబేం రాలేదు. కానీ చెప్పడం అయిపోయేసరికి భయం లేదు. కోపం ఇంకా ఉంది, భయం లేదు.

ఒకటి అడగాలి. మీ నాన్నగారు మళ్లీ స్తోత్రం అన్నారా? ఎప్పుడు అన్నారు, ఏమని అన్నారు?

ఉప్పునేల (గుంటూరు)

అన్నాడమ్మా. చాలాకాలానికి అన్నాడు.

పొలాలు ఉప్పు పట్టిపోయాయి. మరుసటి ఏడు కాలవ నీళ్లు పెట్టి, తీసేసి, మళ్లీ పెట్టి ఉప్పు కడిగాం. వేసిన నారు సగం మాడిపోయింది. ఒకరోజు చీకటిపడ్డాక గట్టు మీద నుంచి ఇంటికి వస్తూ మా నాన్న ఆగాడు. బతికిన మొక్కలవైపు చూడలేదు, మాడినవాటి వైపూ చూడలేదు. నా తల మీద చెయ్యి పెట్టి “ఇవాళ్టికి ఉన్నాం ప్రభువా, నువ్వూ ఉన్నావు” అన్నాడు. అంతే. పాట కాదు, మా నాన్నకి గొంతు లేదు. ఆ రోజు నుంచి పోయేదాకా రోజూ సాయంత్రం అదే అన్నాడు. ఇంకేం కలపలేదు. 88 మాత్రం వదల్లేదు, నవంబరు వస్తే నాతో చదివించుకునేవాడు.

దావీదు రాజు బలిపీఠం కట్టడానికి అరౌనా అనే ఆయన కళ్లాన్ని ఊరికే తీసుకోనన్నాడు, వెల ఇచ్చి 50 తులాల వెండికి కొన్నాడు. ఖర్చు లేకుండా వచ్చింది దేవుడికి బలిగా ఇవ్వనన్నాడు. మా నాన్న ఆ మాట అన్న రోజు నేను పక్కనే ఉన్నాను. దాని వెల ఎంతో నాకు తెలుసు. మీ నోటి నుంచి ఎప్పుడొచ్చినా, ఎంత చిన్నదొచ్చినా దాని వెల కూడా అంతే ఉంటుందమ్మా. తొందరపడకండి, ఎవరూ తొందరపెట్టనివ్వకండి.

కుట్టుమిషను (విజయవాడ)

పంతులుగారూ, వందనాలు.

నర్సు చెల్లీ, నువ్వు అడిగినందుకు చెబుతున్నాను, ఇప్పుడు మంగళవారం ఇడ్లీ తినే బయల్దేరుతున్నాను. ఆవకాయ జాడీ మా అక్కవాళ్లింటికి పంపేశాను.

నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక ఆయన చెయ్యి తీసుకుని ఫిస్టులా మీద వేళ్లు పెట్టి చూశాను. జుమ్మంటూ తెలిసింది. ఎంతసేపు అలాగే పట్టుకున్నానో తెలియదు. “ఇవాళ్టికి ఉన్నాం ప్రభువా” అన్నాను. ఆ రెండో ముక్క, నువ్వూ ఉన్నావు అన్నది, నాకు రాలేదు. కాసేపటికి మా ఆయన కళ్లు మూసుకునే ఆ ముక్క అన్నారు. మీ పోస్టు ఆయన కూడా చదివారని అప్పుడే తెలిసింది.

ఈ ఆదివారం పాట ఎత్తుతావా అని పాస్టరమ్మగారు అడిగారు. పాట ఇప్పుడు వద్దు, 88వ కీర్తన చదువుతానన్నాను. అయ్యగారిని అడిగి చెబుతానన్నారు. రేపు గురువారం, మళ్లీ ఆరింటికే బయల్దేరాలి. తొమ్మిది జాకెట్లకి కాజాలున్నాయి.